చేప పడిన పడవకు దారివ్వండి

శాన్ డియేగో దగ్గర లా హోయాలో కయాక్ మీద చేపలు పట్టే మనవాళ్లు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ ఎవరి గాలానికైనా చేప పడితే చాలు, అందరం తెడ్లు వేసుకుంటూ అక్కడికే చేరుతున్నాం.

కిందటి వేసవిలో నేనూ అదే చేశాను. ఓ పెద్దాయనకు ఎల్లోటెయిల్ పడింది. చూద్దామని ఆయన పక్కకే వెళ్లాను. నా వెనక నీళ్లలో లైన్ ఉందన్న సంగతే మరిచాను. రెండూ చిక్కుపడి ఆయనది తెగింది. ఆయన ఒక్క మాట అనలేదు. చిక్కు విప్పి, నా లైన్ నాకిచ్చి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్ద చేప పడ్డాక కయాక్ మన మాట వినదు. చేప ఎటు లాగితే అటు పోతుంది. రెండు చేతులూ రాడ్ మీదే ఉంటే తెడ్డు ఎవరు వేస్తారు? తప్పుకోవాల్సింది పక్కవాళ్లే. గాలం లాగుతూ వెళ్లే పడవ వెనక నుంచి అడ్డంగా పోవాల్సి వస్తే బాగా ఎడంగా పోవాలి.

ఒడ్డునే ఉన్న సముద్ర రిజర్వులో 2012 నుంచి వేట నిషేధం. అది దాటేదాకా గాలం వేయకూడదు. 14 అంగుళాలకు తక్కువున్న క్యాలికో బాస్‌ను వదిలేయాలి. ‘పులుసుకు సరిపోతుందిలే’ అన్న మాట అక్కడ నేను తెలుగులోనే విన్నాను. పాటల స్పీకర్ల గురించి వేరే చెప్పాలా?

వచ్చే శనివారం మా గ్రూపులో పన్నెండు మందిమి వెళ్తున్నాం. గుంపుగా కాకుండా ముగ్గురేసి విడిపోదామన్నాను. ఇప్పటికి నలుగురు ఒప్పుకున్నారు.