చప్పట్లు ఎవరికి కొట్టాలి?

రేడియో తరంగాలతో నడిచే నమూనా హెలికాప్టరును మీరెప్పుడైనా చూశారా? అంగడిలో దొరికే, అరచేతిలో ఇమిడే ఆటవస్తువు గురించి కాదు నేను అడుగుతున్నది. రోటరు రెక్కలు ఒక కొస నుంచి ఇంకో కొసకు మీటరున్నర పొడవుండి, లోపల నిజమైన ఇంజను ఉన్నదాని గురించి. 1970 ప్రాంతంలో పశ్చిమ జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ వంటివారు ఎన్నో నమూనాలు విరగ్గొట్టుకుని, చివరకు వాటిని గాలిలో అదుపుగా నిలపడం నేర్చుకున్నారు. ఈనాడు బాటరీతో ఎగిరేవే ఎక్కువగా కనిపిస్తున్నా, ద్రవ ఇంధనం పోసి ఎగురవేసేవాళ్లు కూడా ఉన్నారు.

ఇటువంటివి ఎగురవేసే మైదానాల్లో అప్పుడప్పుడు ఒక తమాషా జరుగుతుంది. రొద చేస్తూ తిరుగుతున్న ఇంజను గాలిలో ఉండగానే ఠక్కున ఆగిపోతుంది. టాంకు ఖాళీ! ఎగురవేస్తున్న మనిషి కంగారు పడకుండా ఆ మూగ యంత్రాన్ని మెల్లగా గడ్డి మీదికి దింపుతాడు. చూస్తున్నవాళ్లంతా చప్పట్లు కొడతారు.

ఆ చప్పట్లు కొట్టకూడదని నా అభిప్రాయం. దింపడంలో నేర్పు ఉంది, కాదనను. కాని టాంకు ఖాళీ అయ్యేదాకా దాన్ని గాలిలో ఉంచినవాడు కూడా ఆయనే గదా! ఇంధనం అయిపోవడం పిడుగు పడటం వంటిది కాదు. ఎప్పుడు అయిపోతుందో ముందే లెక్క కట్టి చెప్పగల సంగతి అది.

నేనింత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో చిన్న లెక్క చేస్తే మీకే తెలుస్తుంది. రోటరు వ్యాసం 1.5 మీటర్లు అనుకోండి. దాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత 4.71 మీటర్లు. నిమిషానికి 1800 సార్లు, అంటే సెకనుకు 30 సార్లు తిరుగుతున్నది. కనుక రెక్క కొస సెకనుకు సుమారు 141 మీటర్లు పోతుంది. గంటకు 500 కిలోమీటర్ల పైమాటే! అటువంటి రెక్క మనిషికి తగిలితే ఏమవుతుందో వర్ణించనక్కరలేదు. అదుపులో ఉన్నంతసేపే అది విమానం. అదుపు తప్పితే విసిరిన కత్తి.

ఇంజను ఆగినంత మాత్రాన రోటరు ఆగిపోదు. మీరు తొక్కడం మానినా సైకిలు వెనుక చక్రం తిరుగుతూనే ఉంటుంది గదా! అక్కడ ఫ్రీవీలు చేసే పనిని ఇక్కడ ఒకవైపే పట్టే క్లచ్చు చేస్తుంది. ఎగురవేసేవాడు వెంటనే రెక్కల వాలును తగ్గిస్తాడు. హెలికాప్టరు కిందికి జారుతుంటే, కింది నుంచి పైకి వచ్చే గాలి కాగితపు గాలిమరను తిప్పినట్టు రోటరును తిప్పుతుంది. నేల దగ్గర పడగానే వాలు మళ్లీ పెంచితే, ఆ తిరుగుడులో దాగిన శక్తి ఒక్కసారిగా ఖర్చయి యంత్రాన్ని మెత్తగా ఆనిస్తుంది. దీనినే ఆటోరొటేషన్ అంటారు. ఆ శక్తి ఒక్కసారికే సరిపోతుంది. కాస్త ముందుగా వాడితే యంత్రం పైనే ఆగి ధబ్బున పడుతుంది, కాస్త ఆలస్యమైతే వేగంగా వచ్చి నేలను గుద్దుతుంది.

దీనికి ఎత్తు కావాలి, లేదా వేగం కావాలి. మీటరు ఎత్తులో ఇంజను ఆగితే పెద్ద ముప్పు లేదు. బాగా ఎత్తున ఆగితే ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఇంటి మిద్దెంత ఎత్తులో కదలకుండా నిలిపి ఉంచినప్పుడు ఆగిందా, ఎంతటి నేర్పరికైనా కష్టమే. ఖాళీ అయ్యే టాంకు మాత్రం మీరు ఏ ఎత్తులో ఉన్నారో అడిగి ఖాళీ కాదు. అభ్యాసం కోసం కావాలని ఇంజనును తగ్గించి దింపేవాళ్ల సంగతి వేరు. చోటూ సమయమూ వాళ్లు ఎంచుకుంటారు. వాళ్లకు కొట్టండి చప్పట్లు, నాకేమీ అభ్యంతరం లేదు.

సరే, టాంకులో ఎంత ఉందో తెలిసేదెలా? టాంకు పల్చని తెల్ల ప్లాస్టిక్కుతో చేసినది. చేతిలో ఉన్నప్పుడు లోపలి ఇంధనం మట్టం కనిపిస్తుంది. యాభై మీటర్ల దూరాన గాలిలో ఉన్నప్పుడు కనిపించదు. చెవితో పట్టేవాళ్లున్నారు. ఇంధనం అడుగంటితే గొట్టంలోకి గాలి బుడగలు వస్తాయి, ఇంజను మోత కీచుగా మారుతుంది, వెనుక పొగ పలచబడుతుంది. కాని ఆ గుర్తులు వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. పైగా ఆ ఇంధనంలో కలిసి ఉండే నూనే ఇంజనుకు కందెన. ఇంధనం చాలకుండా నడిచిన ప్రతి సెకనూ ఇంజను ఎండిపోయి కాగిపోతుంది.

కొందరు పెద్ద టాంకుకూ ఇంజనుకూ నడుమ ఒక చిన్న టాంకు పెడతారు. పెద్దది ఖాళీ అయ్యేదాకా చిన్నది నిండుగానే ఉంటుంది. మంచి ఏర్పాటే. బుడగలు నేరుగా ఇంజనులోకి పోవు, చివర కొద్దిపాటి వ్యవధి దొరుకుతుంది. కాని ఆ చిన్న టాంకునూ గాలిలో చూడలేము గదా!

అందుకని నేను చెప్పేది గడియారం సంగతి. మీ ఇంట్లో మిద్దె మీది నీళ్ల టాంకు నిండిందో లేదో ఎవరైనా ప్రతిసారీ నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తున్నారా? మోటారు వేసిన ఎన్ని నిమిషాలకు నిండుతుందో అమ్మకు తెలుసు. మన పూర్వులు అడుగున చిల్లి ఉన్న గిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగేందుకు పట్టే వ్యవధిని గడియ అన్నారు. మన లెక్కలో 24 నిమిషాలు. వాళ్లు నీటితో కాలాన్ని కొలిచారు. మనం కాలంతో ఇంధనాన్ని కొలుద్దాం.

టాంకులో 400 మిల్లీలీటర్లు పోశారనుకోండి. ఐదు నిమిషాలు ఎగురవేసి దించండి. మిగిలినదాన్ని కొలపాత్రలోకి తీయండి. 250 ఉంటే 150 ఖర్చయింది, నిమిషానికి 30. ఇలా ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. నిశ్చలంగా నిలిపిన రోజు ఒక అంకె వస్తుంది, పల్టీలు కొట్టించిన రోజు ఇంకొకటి వస్తుంది. ఇక్కడ చాలామంది సగటు తీస్తారు. పరీక్షలో సగటు అడిగితే తీయండి గాని, ఇక్కడ వద్దు. అన్నిటికంటే ఎక్కువ తాగిన రోజు లెక్కనే తీసుకోండి. ఆ ఎక్కువ లెక్క 30 అయితే, ఐదో వంతు మిగలాలంటే 320 మాత్రమే వాడాలి. అంటే పది నిమిషాల చిల్లర. చిల్లర వదిలేసి, రేడియో పెట్టెలోని టైమరును పది నిమిషాలకు పెట్టండి. అది మోగితే దిగడమే. "ఇంకొక్క చుట్టు" అనేది మాత్రం వద్దు.

"ఇంధనం తగ్గితే కిందికి కబురు పంపే సాధనాలు వచ్చాయి గదా, ఇంకా ఈ పాత పద్ధతి ఎందుకు?" అని మీలో చురుకైనవాళ్లు అడుగుతారు. ఆ సాధనాలు వద్దని నేననను. కాని హెచ్చరిక మోగుతుంది, అంతే. అది యంత్రాన్ని కిందికి దింపదు.

పెద్ద హెలికాప్టర్ల లోకంలో జరిగిన ఒక విషాదం వినండి. 2013 నవంబరు 29 రాత్రి స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పోలీసు హెలికాప్టరు ఒకటి క్లూథా వాల్ట్స్ అనే పానశాల కప్పు మీద కూలింది. పదిమంది మరణించారు. వారిలో ఏడుగురు హెలికాప్టరుతో ఏ సంబంధమూ లేకుండా కింద ఉన్నవాళ్లు. ప్రమాదాల పరిశోధకులు విప్పి చూస్తే ప్రధాన టాంకులో 70 కిలోలకు పైగా ఇంధనం ఉంది! ఇంజన్లకు ఇంధనం అందించే చిన్న టాంకులు మాత్రం ఎండిపోయాయి. పెద్దదాని నుంచి చిన్నవాటికి తోడే పంపుల మీటలు ఆపివేసి ఉన్నాయి. ఇంధనం తక్కువైందన్న హెచ్చరిక ఐదుసార్లు వచ్చింది. ఆ హెచ్చరిక వస్తే పది నిమిషాలలో దిగాలని నియమావళిలో ఉంది. ఆ రాత్రి దిగడం జరగలేదు.

ఈ సంగతిలో ఒక చిత్రం గమనించండి. "టాంకులో ఉంది" అనేది ఒక మాట, "ఇంజనుకు అందుతోంది" అనేది వేరే మాట. మన నమూనాలోనూ అంతే. టాంకు లోపల మెత్తని గొట్టం చివర చిన్న గుండు ఉంటుంది. యంత్రం ఎటు వాలితే గుండు అటు జారి ఇంధనంలో మునిగి ఉంటుంది. ఆ గొట్టానికి వెంట్రుకంత చీలిక వచ్చిందా, సగం టాంకు ఉండగానే ఇంజను గాలి పీలుస్తుంది. అప్పుడు గడియారమూ కాపాడదు, సాధనమూ కాపాడదు. కనుక గొట్టాలను వేళ్లతో వంచి చూడటం ఎగరడానికి ముందు పని.

ఐదో వంతు మిగల్చడం పిరికితనమని నవ్వేవాళ్లుంటారు. మీ తాతగారి పాత స్కూటరులో పెట్రోలు మీటకు "రిజర్వు" అని ఒక స్థానం ఉండేది. అయినా పెట్రోలు అయిపోతే స్కూటరును పక్కకు వాల్చి, అదీ కాకపోతే బంకు దాకా తోసుకుపోయేవారు. గాలిలో తోసుకుపోవడం కుదరదు. అమెరికాలో హెలికాప్టరు పైలట్లకు ఉన్న నిబంధన ప్రకారం, కంటిచూపుతో నడిపే ప్రయాణమైనా గమ్యం చేరాక ఇంకా 20 నిమిషాలు ఎగరగల ఇంధనం ఉండేలా బయలుదేరాలి. వాళ్లను ఎవరూ పిరికివాళ్లని అనరు.

బాటరీ హెలికాప్టరు ఉన్నవాళ్లు తప్పించుకున్నామనుకోవద్దు. లిథియం బాటరీ వోల్టేజి చాలాసేపు పెద్దగా పడిపోదు, చివరలో ఒక్కసారిగా జారుతుంది. కనుక మీకూ టైమరే దిక్కు. తిరిగి ఛార్జి చేసేటప్పుడు ఎన్ని మిల్లీఆంపియర్-గంటలు ఎక్కిందో చూస్తే ఎంత ఖర్చయిందో తెలుస్తుంది. మీ కొలపాత్ర అదే.

ద్రవ ఇంధనం కొలిచేవాళ్లకు ఒక జాగ్రత్త. అందులో ఎక్కువ భాగం మిథనాల్. అది విషం, చూపు పోగొడుతుంది. కిరోసిన్ డబ్బాకు చేసినట్టు గొట్టాన్ని నోటితో పీల్చడం ఎన్నటికీ వద్దు. చేతిపంపు వాడండి. దాని మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు గనుక దగ్గర్లో నిప్పు ఉండకూడదు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. కొలపాత్రలో అంకె చూడగానే తేదీ, నిమిషాలు, మిగిలిన మిల్లీలీటర్లు అక్కడికక్కడే పుస్తకంలో ఎక్కించండి. సాయంత్రానికి గుర్తుండదు.