ఏ లినక్స్ అన్నది రెండో ప్రశ్న

కంప్యూటరులో ఉన్నది ఇంటెల్ ప్రాసెసర్. డౌన్‌లోడ్ పేజీలో కనిపించే ఫైలు పేరు చివర మాత్రం 'ఏఎండీ64' అని ఉంటుంది. ఇది మనది కాదేమోనని అక్కడే ఆగిపోయినవాళ్ళూ, పక్కనే ఉన్న 'ఏఆర్‌ఎం64' దింపుకుని ఆనక తల పట్టుకున్నవాళ్ళూ తక్కువేమీ కాదు. నిజానికి మొదటిదే సరైనది. ఇంటెల్ వారి 32 బిట్ల పద్ధతిని 64 బిట్లకు పొడిగించే నమూనాను ముందుగా తయారు చేసింది ఏఎండీ కంపెనీ. 2003లో ఆప్టెరాన్ చిప్‌తో అది బజారులోకి వచ్చింది, మరుసటి ఏడు ఇంటెల్ కూడా అదే దారి పట్టింది. కాపురం ఇద్దరి దగ్గరా చేస్తున్నా, పేరు మాత్రం పుట్టింటిదే మిగిలిపోయింది.

ఇలాంటి చిన్న చిక్కులు ఇప్పుడు చాలామందికి ఎదురవుతున్నాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కించుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ పేరు కంపెనీ జాబితాలో ఉండాలి. ఎనిమిదో తరానికి ముందటి ఇంటెల్ కోర్ యంత్రాల్లో దాదాపు ఏవీ ఆ జాబితాలో లేవు. కీబోర్డు బాగానే ఉంది, తెర బాగానే ఉంది, పిల్లలు రోజూ వాడుతూనే ఉన్నారు, అయినా ఆ కంప్యూటరుకు కాలం చెల్లిందని పైనుంచి చెబుతున్నారు. బడుల్లో, కాలేజీల్లో, ఇళ్ళల్లో లినక్స్ మాట మళ్ళీ వినబడటానికి ఇదే పెద్ద కారణం.

అయితే అందరూ వేసే మొదటి ప్రశ్న 'ఏ లినక్స్ మంచిది?' అని. దీనికి ఇంటర్నెట్‌లో జవాబులు కుప్పలు. చాలామంది డిస్ట్రోవాచ్ సైటు ర్యాంకులు చూపిస్తారు. ఆ ర్యాంకులు లెక్కపెట్టేది ఆ సైటులో ఒక్కో పేజీని ఎందరు తెరిచారన్నదే తప్ప ఎందరు వాడుతున్నారన్నది కాదని ఆ సైటు నిర్వాహకులే చెబుతారు. సినిమా పోస్టరు ముందు ఆగినవాళ్ళను లెక్కపెట్టి వసూళ్ళు చెప్పినట్టు ఉంటుంది ఆ వాదన. అడగాల్సినవి అంతకన్నా మామూలు ప్రశ్నలు. ఆ యంత్రం ఎలాంటిది? దింపుకునే కూర్పుకు భద్రతా సవరణలు ఏ తేదీదాకా వస్తాయి? రెండేళ్ళ తర్వాత దాన్ని చూసుకునే మనిషి ఎవరు?

యంత్రం సంగతి ముందు. పాత కంప్యూటరులో 32 బిట్ల విండోస్ 7 ఉందంటే ప్రాసెసర్ కూడా 32 బిట్లదే అనుకుంటారు. చాలాసార్లు అది పొరపాటు. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో కూడా 64 బిట్లదే, దాని మీద ఎక్కించిన విండోసే చిన్నది. ఈ తేడా తెలుసుకోవడం ఇప్పుడు అవసరం, ఎందుకంటే 32 బిట్ల తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. ఉబుంటు డెస్క్‌టాప్ 2017లోనే 32 బిట్ల ఐఎస్‌ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు, ఇవ్వడం ఆపేసింది. ఏళ్ళ తరబడి పాత యంత్రాలకు దిక్కుగా ఉన్న డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ కూర్పుకు 32 బిట్ల ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు. నిజంగానే 32 బిట్ల యంత్రం ఉన్నవాళ్ళకు డెబియన్ 12 ఉంది, దాని దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్‌తో అయిపోతుంది. ఆ తర్వాత ఆంటిఎక్స్, పప్పీ వంటి చిన్న కూర్పుల వైపు చూసుకోవాల్సిందే.

ర్యామ్ విషయంలో ప్రకటనలను కొంచెం అనుమానంగానే చదవాలి. ఫలానా కూర్పు ఒక జీబీలో నడుస్తుందంటే నడుస్తుంది, అబద్ధం కాదు. బ్రౌజర్ తెరిచి రెండు ట్యాబుల్లో వీడియో పాఠాలు పెట్టగానే కథ మారిపోతుంది. జ్ఞాపకాన్ని మింగేది ఇప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా బ్రౌజరే. రెండు జీబీల యంత్రానికి ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్ ఉన్న లుబుంటు, లేదా ఎక్స్‌ఎఫ్‌సీఈ ఉన్న మింట్, జుబుంటు పెట్టుకోవచ్చు. నాలుగు జీబీలకు పైన ఉంటే అసలు ఉబుంటు గురించి ఆలోచించవచ్చు. పాతిక ఎంబీ లోపే ఉండే టైనీకోర్ ముచ్చటైన వస్తువే, కానీ అది బడి ల్యాబుకు పనికొచ్చేది కాదు.

తేదీ సంగతి చెప్పేది కూర్పు అంకె. ఉబుంటు 24.04 అంటే 2024 నాలుగో నెల. సరిసంఖ్య ఏడాది ఏప్రిల్‌లో వచ్చేది ఎల్‌టీఎస్, అంటే ఐదేళ్ళ మద్దతు ఉన్నది. మిగతావాటికి తొమ్మిది నెలలే. కొత్తదనే మోజుతో ఆ తొమ్మిది నెలల కూర్పును అక్టోబర్‌లో ల్యాబు నిండా ఎక్కిస్తే, వచ్చే విద్యా సంవత్సరం కుదురుకునేలోపే దాని గడువు అయిపోతుంది. లుబుంటు, ఎడ్యుబుంటు వంటి పిల్ల కూర్పులకు ఎల్‌టీఎస్ అయినా మూడేళ్ళే.

మనిషి సంగతికి ఎడ్యుబుంటే ఉదాహరణ. 2005లో మొదలైన ఈ చదువుల ఉబుంటు, 14.04 తర్వాత చూసుకునేవాళ్ళు లేక ఆగిపోయింది. అప్పటికే దాన్ని నమ్ముకున్న బడులు ఇతర దారులు వెతుక్కున్నాయి. ఎమీ, ఎరిక్ ఐక్‌మేయర్ దంపతుల పూనికతో 2023 ఏప్రిల్‌లో అది మళ్ళీ ప్రాణం పోసుకుంది. అది మంచి కూర్పే. కానీ ఒకరిద్దరి భుజాల మీద నడిచే బండి ఒకసారి తొమ్మిదేళ్ళు ఆగిందన్నది బడి పెద్దలు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. జీకాంప్రి, జియోజీబ్రా, టక్స్‌పెయింట్ లాంటి చదువుల ప్రోగ్రాములన్నీ మామూలు డెబియన్, ఉబుంటుల మీదా నడుస్తాయి. వాటి కోసం ప్రత్యేక కూర్పు తప్పనిసరి కాదు.

ఈ మూడు ప్రశ్నలకూ కలిపి జవాబు చెప్పుకున్న చోటు కేరళ. 2001లో ఐటీ@స్కూల్ పేరుతో బడుల కంప్యూటర్ పథకం మొదలుపెట్టిన ఆ రాష్ట్రం, ఆ దశకం మధ్యలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళింది. 2017లో ఆ పథకమే కైట్ అనే ప్రభుత్వ సంస్థ అయింది. ఉబుంటు మీద కట్టిన కైట్ గ్నూ లినక్స్ ఆ సంస్థదే. ఉబుంటు 22.04 ఆధారంగా తయారైన కూర్పును బడులకు 2024లో ఇచ్చింది, అంటే అసలుది వచ్చిన రెండేళ్ళకు. కొత్తదనం కోరేవాళ్ళకు ఇది వెనకబాటుగా కనిపించవచ్చు. ఆ ఆలస్యం వల్ల మద్దతు గడువులో రెండేళ్ళు కరిగిపోయిన మాటా నిజమే. కానీ కేరళ బలం కూర్పులో లేదు. ఐసీటీ పాఠ్యపుస్తకంలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో ల్యాబులో అదే ఉంటుంది, టీచరు శిక్షణ తీసుకున్నదీ దాని మీదే, పదో తరగతి ఐటీ ప్రాక్టికల్ పరీక్ష జరిగేదీ దాని మీదే. పుస్తకంలోని బొమ్మకూ ఎదురుగా ఉన్న తెరకూ పొంతన ఉన్నప్పుడు పిల్లవాడికి అది లినక్సా మరొకటా అన్న ఆలోచనే రాదు.

తెలుగు నేల మీద ఈ ప్రయత్నాలు లేవని కాదు. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' ఉద్యమకారులు డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు, బడిపిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' రూపొందించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007 నుంచి బాస్ లినక్స్ ఇస్తోంది, అందులో చదువుల కోసం ఎడ్యుబాస్ ఉంది. తేడా ఎక్కడుందంటే, కేరళలో ప్రభుత్వ యంత్రాంగం నడిపిన పనిని ఇక్కడ ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ మోసింది. ఇలాంటి కూర్పులు దింపుకునేటప్పుడు పైన ఉన్న పేరు కన్నా కింద ఉన్న పునాది చూడాలి. అది ఏ డెబియన్ మీద కట్టింది, ఆ డెబియన్‌కు ఇంకెన్నాళ్ళు ఆయుష్షు ఉంది అన్నది అక్కడే తేలిపోతుంది.

చిన్న పరికరాల లెక్క వేరు. పీసీ కోసం దింపిన ఒకే ఐఎస్‌ఓ దాదాపు ఏ కంపెనీ కంప్యూటరులోనైనా లేస్తుంది, ఎందుకంటే తనలో ఏమేం భాగాలున్నాయో చెప్పే బయోస్ అందులో ఉంటుంది. అరచేతిలో పట్టే బోర్డులకు చాలావాటికి ఆ సదుపాయం లేదు, ఏ బోర్డుకు ఆ బోర్డు ఇమేజే కావాలి. రాస్ప్‌బెర్రీ పై ఇమేజ్ ఆరెంజ్ పైలో లేవదు. 2012 ఫిబ్రవరి 29న వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అంతగా నిలదొక్కుకోవడానికి హార్డ్‌వేర్ ఒక్కటే కారణం కాదు, దాని సొంత ఓఎస్‌ను ఏళ్ళ తరబడి వదలకుండా సాకడం కూడా కారణమే. ర్యామ్ 512 ఎంబీలే ఉన్న జీరో 2 డబ్ల్యూ బోర్డుకు డెస్క్‌టాప్ లేని 'లైట్' కూర్పు చాలు. నాలుగు జీబీల పై 4కు 64 బిట్ల పూర్తి కూర్పు పెట్టుకోవచ్చు. కరెంటు పోయే ఊళ్ళలో ఎస్‌డీ కార్డు పాడయ్యే భయం ఎప్పుడూ ఉంటుంది. సెట్టింగుల్లో 'ఓవర్‌లే' ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే రోజువారీ పనిలో కార్డు మీద రాత ఆగిపోతుంది, ప్లగ్ లాగేసినా కార్డుకు నష్టం ఉండదు.

ఇక దింపుకోవడం. 1996లో పీసీక్వెస్ట్ పత్రికతో లినక్స్ సీడీ రావడం ఒక విశేషం. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు సీడీలు అడిగినవాళ్ళ ఇంటికి ఉచితంగా పోస్టులో వచ్చేవి. ఇప్పుడు ఉబుంటు డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ ఐదారు జీబీలు. రోజుకు 1.5 జీబీ మొబైల్ డేటాతో నెట్టుకొచ్చే టీచరుకు అది నాలుగు రోజుల కోటా. అలాంటిచోట టొరెంట్ మేలు. మధ్యలో తెగినా మళ్ళీ మొదటికి రాదు, ప్రతి ముక్కనూ అదే సరిచూసుకుంటుంది. మొత్తం ల్యాబుకు ఒక్కసారి దింపితే చాలు.

సరిచూడటం ఎందుకో 2016 ఫిబ్రవరి 20 చెప్పింది. ఆ రోజు లినక్స్ మింట్ సైటులోకి దొంగలు చొరబడి, 17.3 సినమన్ కూర్పు లింకును దొంగ తలుపు పెట్టిన ఐఎస్‌ఓ వైపు మళ్ళించారు. అధికారిక సైటు నుంచే దింపుకున్నవాళ్ళు మోసపోయారు. దీనికి మందు ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్. ఒక చిన్న ఆదేశం ఇస్తే, దింపిన ఫైలు నుంచి 64 అక్షరాలు, అంకెల వరుస ఒకటి తెర మీదకు వస్తుంది. సైటులో ఇచ్చిన వరుసతో అది పోల్చాలి. ఫైలులో ఒక్క బిట్ మారినా వరుస మొత్తం మారిపోతుంది. సైటే దొంగల చేతిలో ఉంటే వరుసనూ మార్చగలరు కాబట్టి, దాని మీద ఉన్న జీపీజీ సంతకాన్ని కూడా చూసుకోవడం మరింత భద్రం.

పెన్‌డ్రైవ్‌లోకి ఐఎస్‌ఓను మామూలు ఫైలులా కాపీ చేసి, బూట్ కావట్లేదని వదిలేసేవాళ్ళు ఇంకొందరు. రూఫస్, ఎచర్ వంటి సాధనంతో రాయాలి. వెంటాయ్ అయితే ఒకే పెన్‌డ్రైవ్‌లో నాలుగైదు ఐఎస్‌ఓలు వేసి, ఒక్కోటి ప్రయత్నించి చూడవచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండా 'లైవ్'గా నడిపిన ఆ అరగంటలోనే వైఫై పట్టిందా, స్పీకర్ పలికిందా, ప్రొజెక్టర్‌కు బొమ్మ వెళ్ళిందా అని చూసుకోవాలి. ఐబస్‌లో ఇన్‌స్క్రిప్టో ఆర్‌టీఎస్సో ఎంచుకుని 'స్త్రీ', 'రాష్ట్రం', 'లక్ష్మి' టైపు చేసి, లిబ్రేఆఫీస్‌లో వత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో, పీడీఎఫ్ చేశాక కూడా అలాగే ఉన్నాయో లేదో గమనించాలి. పోతన, వేమన ఫాంట్లు ఎప్పటి నుంచో స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి కాబట్టి యూనికోడ్ తెలుగుకు లినక్స్‌లో ఇప్పుడు లోటు లేదు.

లోటు వేరే దగ్గర ఉంది. బడుల్లో ఏళ్ళ తరబడి పోగైన ప్రశ్నపత్రాలు, హాజరు పట్టికల తలకట్లు, వార్షికోత్సవ ఆహ్వానాలు చాలావరకు అను ఫాంట్లలో, పేజ్‌మేకర్ ఫైళ్ళలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు. లినక్స్‌లో తెరవబోతే పేజ్‌మేకర్ ఫైలు చాలాసార్లు తెరుచుకోదు, అందులోని పాఠం బయటికి తీసినా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. మార్పిడి సాధనాలు ఉన్నాయి గానీ, వత్తు దగ్గరా సున్న దగ్గరా మళ్ళీ ఒక్కో వాక్యం దిద్దుకోవాలి. అందుకే పంతొమ్మిది యంత్రాలకు లినక్స్ ఎక్కించిన ల్యాబులో కూడా ఒక మూల ఇరవయ్యోది నెట్ కేబుల్ తీసేసిన పాత విండోస్‌తో అలాగే ఉండిపోతుంది, యూనిట్ టెస్టు పేపర్ల కోసం.