తెల్ల గీత

టైర్లు మార్పించడానికి వెళ్లినప్పుడు ఎప్పుడైనా పాత టైరుని తిరగేసి చూశారా? బయటి అంచు నిన్న కొన్నట్టు ఉంటుంది. లోపలి అంచు మాత్రం బోడిగుండు! ‘అలైన్‌మెంట్ పోయింది సార్’ అంటాడు షాపు కుర్రాడు. మనం డబ్బులిచ్చి ఇంటికొచ్చేస్తాం. ఆ ఒక్క మాట వెనక ఎంత కథ ఉందో నాకు అర్థమైంది మాత్రం కాలిఫోర్నియాలో, మా మేనల్లుడి గ్యారేజీలో.

వాడు వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం మెకానిక్కు. వాడి ముద్దుల కారు 1972 నాటి డాట్సన్ 240జెడ్. నిస్సాన్ సంస్థ 1969లో తెచ్చిన స్పోర్ట్స్ కారది. జపాన్‌లో దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. అమెరికాలో కంపెనీ వ్యవహారాలు చూస్తున్న యుటాకా కటయామాకి ఆ పేరు నచ్చలేదు. 240జెడ్ అని మార్పించారు. ఆరు సిలిండర్లు, 2.4 లీటర్ల ఇంజిను, ధర 3,526 డాలర్లు. యూరప్ స్పోర్ట్స్ కార్ల పక్కన అది కారుచౌక! జనం ఎగబడ్డారు. కటయామా 2015లో, 105 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన నిలబెట్టిన కారు మీద మోజు మాత్రం ఇంకా తగ్గలేదు.

‘వెనక టైర్లు లోపలివైపు తినేస్తున్నాయి మామయ్యా’ అన్నాడు వాడు. కారణం కనిపిస్తూనే ఉంది. చూడ్డానికి బాగుంటుందనీ, మలుపుల్లో ఒరగదనీ పొట్టి స్ప్రింగులు వేసి కారుని కిందికి దించాడు. దాంతో వెనక చక్రాల పైభాగం లోపలికి వాలిపోయింది. కారుని వెనక నుంచి చూస్తే దొడ్డికాళ్ల మనిషి నిలబడ్డట్టుంది.

చక్రం అలా లోపలికో బయటికో వాలే కోణాన్ని క్యాంబర్ అంటారు. మరి దాన్ని సరిచేసుకునే ఏర్పాటు ఉండాలి కదా? ఈ కారులో కంపెనీ అసలు పెట్టనే లేదు. అందులో తప్పేమీ లేదు. కొత్త బాడీ, కంపెనీ స్ప్రింగులు, సన్నటి 14 అంగుళాల టైర్లు ఉన్నప్పుడు లెక్క సరిపోయేది. కానీ యాభై ఏళ్లలో రబ్బరు బుష్‌లు ఎండిపోతాయి, ఎప్పుడో తగిలిన దెబ్బకి బాడీ కాస్త వంగుతుంది. ఎడమ చక్రం ఒక తీరు, కుడి చక్రం ఒక తీరు అవుతాయి. ఆపైన మనం ఎత్తు తగ్గిస్తే ఇక చెప్పేదేముంది!

దానికి మందే పొడవు మార్చుకునే కంట్రోల్ ఆర్మ్. చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపి పట్టుకునే ఇనుప చెయ్యి ఇది. మన మెకానిక్కులు ‘లోయర్ ఆర్మ్’ అంటారు. కంపెనీది ఒకే కొలత. బయట దొరికే రకంలో మరలు ఉంటాయి. తిప్పితే పొడవు పెరుగుతుంది, తగ్గుతుంది. పైన షాక్ అబ్జార్బర్ పట్టు కదలదు కాబట్టి కింద చేతిని పొట్టి చేస్తే చక్రం నిటారవుతుంది. పై పట్టుకీ కింది కీలుకీ మధ్య 60 సెంటీమీటర్లు ఉందనుకోండి. చెయ్యి ఒక్క సెంటీమీటరు మారితే కోణం సుమారు ఒక డిగ్రీ మారుతుంది. అంతే!

చెప్పినంత తేలిక కాదు చెయ్యడం. ఈ కారులో వెనక ఆర్మ్‌ని చక్రానికి కలిపేది స్పిండిల్ పిన్ అనే పొడవాటి కడ్డీ. యాభై ఏళ్ల తుప్పుకి అది లోపలే అతుక్కుపోతుంది. నూనె పోసి నానబెట్టాడు, వేడి చేశాడు, పుల్లర్ బిగించి లాగాడు. ఒకవైపుది కదలడానికి రెండు ఆదివారాలు పట్టింది. రెండోవైపుది కోసి తీయాల్సి వచ్చింది.

ఇంకో సంగతి. ఈ ఆర్మ్‌లు చాలావాటిలో రబ్బరు బుష్‌కి బదులు ఉక్కు గోళం కీలు ఉంటుంది. రబ్బరు సాగినట్టు అది సాగదు. కాబట్టి పెట్టిన కోణం పెట్టినట్టే ఉంటుంది. బదులుగా రోడ్డు మీది ప్రతి గతుకూ సీటు కిందికొచ్చి పలకరిస్తుంది. దుమ్మూ నీళ్లూ పడితే కీలు అరుగుతుంది, టకటక మొదలవుతుంది. రేసు కారుకి సరేగానీ, రోజూ తిరిగే బండికి ఆలోచించుకోవాలి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. వాడు బిగించిన రకంలో ఒక్కో ఆర్మ్‌కి రెండు కాళ్లు, ఒక్కో కాలికీ ఒక మర గొట్టం. గొట్టానికి ఒకవైపు కుడి మర, రెండోవైపు ఎడమ మర. కొలత కుదిరాక రెండువైపులా లాక్ నట్లు బిగించాలి. అంటే మొత్తం ఎనిమిది నట్లు. కొలతలన్నీ చక్కగా కుదిరాయి. సంబరంగా ఇద్దరం ఫ్రీవే ఎక్కాం. అరగంట గడిచాక 65 మైళ్ల వేగంలో కారు వెనకభాగం దానంతటదే పక్కకి జరగడం మొదలుపెట్టింది. వాడు స్టీరింగు ఇటు తిప్పితే అది అటు. ఎలాగో రోడ్డు పక్కన ఆపాం. వంగి చూస్తే ఒక గొట్టం చేత్తోనే తిరుగుతోంది! ఆ రెండు నట్లూ బిగించడం మరిచాడు. అదురుకి గొట్టం తిరిగి ఆ కాలు పొడవు మారింది, చక్రం ముఖం పక్కకి తిరిగింది.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ‘కంపెనీ ఆర్మ్‌కి తిప్పడానికేమీ లేదు కదా మామయ్యా, అందుకే మరిచిపోవడానికీ ఏమీ లేదు’ అన్నాడు చివరికి. నిజమే. సరిచేసుకునే వీలు చేతికొచ్చిన రోజునే బాధ్యత కూడా చేతికొస్తుంది. అంతవరకూ అది ఫ్యాక్టరీ ఇంజనీరుది. ఆ తర్వాత పానా పట్టినవాడిది.

మన ఇంటి కార్లకి ఈ హంగులు అక్కర్లేదు. అలైన్‌మెంట్ కాగితంలో అంకెలు ఎంతకీ కుదరకపోతే ముందు బుష్‌లు, బాల్ జాయింట్లు చూడమనండి. ఆర్మ్ ఏ గుంతలోనో పడి వంగిందేమో చూడమనండి. చాలాసార్లు రోగం అక్కడే దొరుకుతుంది. కొత్త రబ్బరు బుష్ వేయిస్తే కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించమనండి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

మా వాడు ఇప్పుడు ఎనిమిది నట్లూ బిగించాక, నట్టు మీద నుంచి గొట్టం మీదికి తెల్లరంగుతో చిన్న గీత గీస్తాడు. నట్టు కదిలితే గీత విరుగుతుంది. కారు తీసేముందు టార్చిలైటు పట్టుకుని నేలమీద పడుకుని ఎనిమిది గీతలూ లెక్కపెట్టుకున్నాకే తాళంచెవి తిప్పుతాడు.