నివురుగప్పిన గాయం

కాలేయాన్ని గురించి సామాన్య పాఠకుల కోసం రాసిన పుస్తకాలలో ప్రొమీథియస్ ప్రస్తావన తరచుగా తగులుతుంది. గ్రద్ద పగలంతా పొడుచుకు తిన్న కాలేయం రాత్రికి రాత్రే తిరిగి పెరిగిందన్న గ్రీకు కథ వైద్యరచయితలకు బాగా అచ్చివచ్చింది. తెలుగు కవిత్వం హృదయానికి వేసిన పీట కాలేయానికి ఎన్నడూ వేయలేదు. ఉర్దూ ‘జిగర్’ పుణ్యమా అని తెలంగాణ వారి ‘జిగ్రీ దోస్తు’లో మాత్రం దానికి కాస్త చోటు దక్కింది. అందువల్ల తెలుగు పాఠకుడికి కాలేయం గురించి తెలిసిన కథ చాలావరకు ఈ అరువు కథే: ఎంత కోసినా మళ్ళీ పెరిగే అవయవం. అయితే ఆ కథలో ప్రొమీథియస్‌కు కాలేయం తిరిగి పెరగడం వరం కాదు, శిక్షలో భాగం. రేడియేషన్ తాకిన కాలేయం విషయంలో ఈ మరచిన సగమే సత్యానికి దగ్గరగా ఉంది. దానిని బయటపెట్టినవి ప్రయోగశాలలోని ఎలుకలు.

1906లో ఫ్రాన్సులో బెర్గోనియే, ట్రిబోందో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకల వృషణాలపై చేసిన ప్రయోగాల నుంచి ఒక సూత్రం ప్రతిపాదించారు. చురుకుగా విభజన చెందే కణాలు రేడియేషన్‌కు ఎక్కువగా దెబ్బతింటాయని, నిలకడగా ఉన్నవి తట్టుకుంటాయని దాని సారాంశం. ఆరోగ్యవంతమైన వయోజన కాలేయంలో ఏ క్షణాన చూసినా విభజనలో ఉన్న కణాలు అత్యల్పం. కనుక సూత్రం ప్రకారం కాలేయం రేడియేషన్‌కు లొంగని అవయవాల జాబితాలో చేరింది. 1924లో కేస్, వార్థిన్ అనే అమెరికన్ వైద్యులు తీవ్రమైన ఎక్స్‌రే చికిత్స పొందిన రోగుల కాలేయాలలో గాయాలున్నాయని ప్రకటించినా, ఆ నమ్మకం తొలగడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది.

సిద్ధార్థ ముఖర్జీ రాసిన ‘ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్’ చదివినవారికి హెన్రీ కాప్లాన్ గుర్తుండే ఉంటాడు. స్టాన్‌ఫర్డ్‌లో హాజ్కిన్ వ్యాధిపై రేడియేషన్‌ను క్రమశిక్షణతో ప్రయోగించిన వైద్యుడిగా ఆ పుస్తకంలో ఆయనకు గౌరవప్రదమైన స్థానముంది. 1965లో రేడియేషన్ వల్ల కలిగే కాలేయ వ్యాధిని స్పష్టంగా నిర్వచించిన పత్రం మీద కూడా ఆయన పేరుంది. కాలేయమంతటికీ సుమారు 35 గ్రేలకు మించి రేడియేషన్ పొందినవారిలో అనేకులకు, చికిత్స ముగిసిన కొన్ని వారాలకు పొట్టలో నీరు చేరి, కాలేయం ఉబ్బిందని ఆ పత్రం తెలిపింది. ఆయుధం పదును ఎరిగినవాడే అది చేసే హానిని కూడా నమోదు చేశాడు. శాస్త్ర చరిత్రలో ఇటువంటి నిజాయితీకి దక్కవలసినంత కీర్తి దక్కదు.

ఈ వ్యాధి వారాల తరబడి ఎందుకు దాగి ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు జంతు ప్రయోగాలలోనే దొరికింది. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసివేసే పద్ధతిని వివరించారు. మిగిలిన తమ్మెలు ఒకటి రెండు వారాలలో పెరిగి పాత బరువును అందుకుంటాయి. కోసివేసిన తమ్మెలు మాత్రం తిరిగి రావు. ఈ పద్ధతిని ఆధారం చేసుకుని 1960లో వైన్‌బ్రెన్ బృందం రేడియేషన్ పొందిన ఎలుకల కాలేయాలను పరిశీలించింది. కోత పడనంతవరకు ఆ కాలేయాలు చూడడానికి మామూలుగానే ఉన్నాయి. కోత పడి, మిగిలిన కణాలకు విభజన చెందమని పిలుపు వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. క్రోమోజోములు చిందరవందరయ్యాయి, విభజన కుంటుపడింది. అంతవరకు దాగిన గాయానికి ముసుగు తీసింది పునరుత్పత్తే. నివురుగప్పిన నిప్పు అన్న మాటకు ఇంతకంటే ఖచ్చితమైన శాస్త్రీయ ఉదాహరణ దొరకడం కష్టం.

దీని తాత్పర్యం తేలికైనది కాదు. రేడియేషన్ తగిలిన కాలేయకణం తన రోజువారీ పని చేస్తూనే ఉంటుంది. ప్రోటీన్లు తయారు చేస్తుంది, విషాలను విరుస్తుంది. రక్తపరీక్షలు నిబ్బరంగా కనిపిస్తాయి. కాని దాని వారసత్వం తెగిపోయి ఉంటుంది. కనుక ‘కాలేయం మళ్ళీ పెరుగుతుంది’ అన్న ఓదార్పు శస్త్రచికిత్సకు ఎంత నిజమో, రేడియేషన్‌కు అంత నిజం కాదు. కాలేయంలో కొంత భాగానికే రేడియేషన్ తగిలితే, తగలని భాగం పెరిగి లోటు భర్తీ చేయగలదు. 1991లో ప్రకటించిన, విస్తృతంగా వాడుకలోకి వచ్చిన పరిమితులు కూడా ఇదే చెబుతాయి: కాలేయమంతటికీ 30 గ్రేలు, మూడో వంతు భాగానికే అయితే 50 గ్రేలు. కాపాడేది కాలేయపు మహిమ కాదు, రేడియేషన్ సోకకుండా మిగిల్చిన భాగం.

ఎలుకలు ఇంత చెప్పినా, ఒకచోట మాత్రం మౌనం వహించాయి. 1966లో రీడ్, కాక్స్ రేడియేషన్ పొందిన మానవ కాలేయాలను సూక్ష్మదర్శిని కింద చూసి, అసలు దెబ్బ సన్నని సిరలకు తగిలిందని, అవి పీచు కణజాలంతో పూడుకుపోయి రక్తం వెనక్కు నిలిచిందని వివరించారు. రేడియేషన్ తగిలిన ఎలుకలలో మాత్రం ఈ సిరలు పూడుకుపోయే వ్యాధి మనుషులలో వచ్చినట్లు రాదు. ఇక్కడే రెండు వర్గాల వాదనలు మొదలవుతాయి. జంతు ప్రయోగాలు దండగని ఒకరంటారు. ఎలుకలో కనిపించనిది అప్రధానమని మరొకరు ఊహిస్తారు. ఇద్దరిదీ తొందరపాటే.

ఎందుకంటే ఈ చిక్కుముడిని కొంత విప్పిన ఆధారం రేడియేషన్‌తో సంబంధం లేని చోటు నుంచి వచ్చింది. 1954లో జమైకాలో మొక్కల కషాయాలు తాగిన పిల్లలలో ఇదే తరహా సిరల వ్యాధిని వర్ణించారు. 1970వ దశకంలో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా ప్రాంతపు పల్లెలలో జనం పొట్టలు నీరుపట్టి మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కూడా ఆ కారణాన్ని వెదికినవారిలో ఉన్నారు. అక్కడివారు తినే సామలలో జనుము జాతికి చెందిన ఒక కలుపుమొక్క గింజలు కలవడమే కారణమని తేలింది. ఆ జాతి మొక్కలలో ఉండే మోనోక్రోటలిన్ అనే విషాన్ని 1999లో లారీ డిలీవ్ బృందం ఎలుకలకు ఇచ్చినప్పుడు, కాలేయంలోని సూక్ష్మ రక్తనాళాల లోపలి పొర మొదట దెబ్బతింటుందని స్పష్టమైంది. రేడియేషన్‌తో ఎలుక చూపలేని వ్యాధిని విషంతో చూపింది. ఒక నమూనా విఫలమైతే, ఆ వైఫల్యం ఎక్కడ ఉందో అడగడమే శాస్త్రం.

అదే ఏడాది న్యూయార్కులో చందన్ గుహ, జయంత రాయ్‌చౌధురి తదితరులు మరో దారి చూపారు. కోతకు, 50 గ్రేల రేడియేషన్‌కు గురైన ఎలుకలలో ఆరోగ్యవంతమైన కాలేయకణాలను ప్రవేశపెడితే ప్రాణరక్షణ మెరుగైంది. ఇది కూడా అదే మాటను మరో వైపు నుంచి రుజువు చేసింది. దెబ్బతిన్న కణాలు సంతానం కనలేనప్పుడు, ఆ పని చేయగల కణాలు బయటి నుంచి రావాలి.

అయినా ప్రయోగశాల ఎలుకకు, కాలేయ క్యాన్సర్ రోగికి మధ్య అగాధం ఉంది. ఎలుక సాధారణంగా పడుచుది, దాని కాలేయం నిర్మలం. రోగి కాలేయం చాలాసార్లు హెపటైటిస్ వైరస్ వల్లనో, మద్యం వల్లనో ముందే గట్టిపడి ఉంటుంది. మనిషికి సోకే హెపటైటిస్ బి వైరస్ మామూలు ఎలుకలకు సోకదు. ఆ వైరస్ మోస్తున్న రోగులలో రేడియేషన్ వ్యాధి ముప్పు ఎక్కువని తైవాన్ వైద్యులు 2004లో చూపారు. ఆ సంగతి చెప్పడం ఏ సాధారణ ఎలుకకూ సాధ్యం కాదు.

ఈ నేపథ్యంలోనే మూలికలపై వెలువడే వార్తలను చదవాలి. తులసి, ఉసిరి, పుదీనా సారాలు రేడియేషన్ నుంచి చిట్టెలుకలను కాపాడినట్లు భారతీయ ప్రయోగశాలల నుంచి పత్రాలు వచ్చాయి. ఆ పరిశోధకుల శ్రమను తక్కువ చేయనవసరం లేదు. అయితే ఇటువంటి ప్రయోగాలలో రేడియేషన్ ఎక్కువగా శరీరమంతటికీ ఇస్తారు. జాతిని బట్టి 6 నుంచి 9 గ్రేలకే చిట్టెలుకలు సగం చనిపోతాయి. ఆ చావుకు కారణం ఎముక మజ్జ, పేగుల పతనమే తప్ప కాలేయం కాదు. కాలేయంలో కొలిచేది గంటలలోనో, రోజులలోనో మారే గ్లూటాథయోన్ వంటి రసాయనాలను. మనిషి కాలేయ వ్యాధి వారాలు, నెలల తర్వాత వస్తుంది. పైగా సారాన్ని రేడియేషన్‌కు ముందే ఇస్తారు. అది క్యాన్సర్ కణాలను కూడా అలాగే కాపాడుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ పత్రం పత్రికలోకి వచ్చేసరికి ‘తులసితో రేడియేషన్‌కు విరుగుడు’ అని మారిపోతే, చికిత్సలో ఉన్న రోగి ఇంట్లో కషాయం కాగుతుంది. మొక్కల కషాయమే సిరలను మూసిన చరిత్ర జమైకాకు ఉందని ఆ శీర్షిక చెప్పదు. తులసికి ఆ దోషం అంటగట్టడం అన్యాయమే, కాని ‘మొక్క కనుక హాని లేదు’ అన్న భరోసాకు మాత్రం కాలేయం ఎన్నడూ సాక్ష్యం ఇవ్వలేదు.

కనుక కాలేయం, రేడియేషన్ గురించి తెలుగులో రాసేవారు కనీసం నాలుగు సంగతులు చెప్పి తీరాలి: ఏ జంతువు, ఎంత మోతాదు, కాలేయంలో ఎంత భాగానికి, ఎంతకాలం తర్వాత చూశారు. ఈ నాలుగూ లేని వార్త వార్త కాదు, ఆశకు వేసిన ముసుగు. ఇది పాండిత్యపు పట్టింపు కాదు. రేడియేషన్‌కు ఒప్పుకోవాలా, ఎంత భాగం కాపాడగలరని వైద్యుడిని అడగాలా అన్న నిర్ణయాలు నిజమైన కుటుంబాలు తీసుకుంటాయి. అడగవలసిన ప్రశ్న తెలియని కుటుంబం పురాణకథను నమ్ముకుని సంతకం చేస్తుంది.

వేలాది ఎలుకలు ఈ జ్ఞానం కోసం ప్రాణాలిచ్చాయి. వాటి ఋణం ఏదైనా తీర్చగలిగితే, అది అవి చెప్పినంతే చెప్పడం, చెప్పనిది వాటి నోట పెట్టకపోవడం.