కొమ్మలో కాపలాదారు

వాసన గురించి పరవాడ వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. అక్కడి ఫార్మాసిటీలో మందుల తయారీకి రకరకాల సాల్వెంట్లు వాడతారు. వాటిలో చాలావరకు మామూలు వేడికే ఆవిరై గాల్లో కలిసిపోయే రసాయనాలే. మరి ఇలాంటివి తయారుచెయ్యాలంటే ఫ్యాక్టరీయే కావాలా? అక్కర్లేదు, చెట్టు కొమ్మలో దాక్కున్న ఓ బూజు చాలు!

బూజు అనగానే నిల్వ పచ్చడి మీదో, రొట్టె మీదో పట్టేదే గుర్తొస్తుంది. కానీ ఆకుల్లో, కాండంలో, వేళ్లలో చెట్టుకి ఏ జబ్బూ తేకుండా కాపురముండే శిలీంధ్రాలూ ఉన్నాయి. వాటిని ఎండోఫైట్లు అంటారు. చెట్టు వాటికి చోటూ తిండీ ఇస్తుంది. బదులుగా కొన్ని ఆ చెట్టుకి కాపలా కాస్తాయి.

అలాంటిదే మస్కోడార్ ఆల్బస్. అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన గ్యారీ స్ట్రోబెల్ బృందం 1990ల చివర్లో హోండురస్‌లోని దాల్చినచెక్క చెట్టు కొమ్మల్లో దీన్ని గుర్తించింది. నల్లుల్లాంటి సన్నటి పురుగులు చేరకుండా, రకరకాల శిలీంధ్రాలు పెంచుతున్న పళ్లేలని ఓ ప్లాస్టిక్ పెట్టెలో ఉంచారట. కొద్దిరోజులకి చూస్తే మిగతావాటి ఎదుగుదల ఆగిపోయింది. ఈ తెల్లబూజు మాత్రం నిక్షేపంగా ఉంది. దాన్నుంచి వచ్చే ఘాటైన ఆవిరే మిగతావాటి పని పట్టింది... తాకకుండానే!

2001లో వెలువడిన పరిశోధన ప్రకారం ఆ ఆవిరిలో 28 రసాయనాలున్నాయి. అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్ వాటిలో ఒకటి. విడివిడిగా ఏదీ శత్రువుని చంపలేదు, కాస్త అడ్డుకుంటుందంతే. అన్నీ కలిస్తేనే ప్రాణాంతకం.

ఇలాంటి బూజు మనదేశంలోనూ ఉంది. శివపూజకి వాడే మారేడు చెట్టులో దొరికిన ఓ రకాన్ని 2013లో మన శాస్త్రవేత్తలు వెల్లడించారు. అది కేరళలోని వయనాడ్ అడవుల్లోది. దాని పేరు మస్కోడార్ కషాయమ్!

ఈ వాసనల మీద అంత ఆసక్తి ఎందుకంటే... పొలాల్లో, గోదాముల్లో తెగుళ్లనీ పురుగుల్నీ చంపడానికి మిథైల్ బ్రోమైడ్ వాయువు వాడేవారు. అది ఓజోన్ పొరని దెబ్బతీస్తుంది. అందుకే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం కొన్ని మినహాయింపులతో సంపన్న దేశాలు 2005కల్లా, మిగతావి 2015కల్లా దాన్ని మానెయ్యాల్సి వచ్చింది. ఆ లోటుని బూజు తీరుస్తుందని ఆశపడ్డారు. ఆపిల్, పీచ్ పళ్లు కుళ్లకుండా ఈ ఆవిరి అడ్డుకుంటుందని ప్రయోగాల్లో తేలింది కూడా.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. 2017లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఆవిరిలో అంతకుముందు కంటపడని మరో రసాయనాన్ని పట్టుకున్నారు. అది డీఎన్ఏనే దెబ్బతీసే నైట్రోసో రకం పదార్థం. బూజు చంపే గుట్టులో దానిదీ ప్రధాన పాత్రేనని తేల్చారు. ఆ బృందానికి నేతృత్వం వహించిన స్కాట్ స్ట్రోబెల్, గ్యారీకి స్వయానా కొడుకే!

అరటిపండు వాసన వేసినంత మాత్రాన ఆ గాలి మంచిదని కాదు. చెట్టులో పుట్టినంత మాత్రాన హాని లేదనీ కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, కొమ్మలోంచి వచ్చినా ఆవిరికి పరీక్ష ఒకటే... అందులో ఏముంది, ఎంత ఉంది? ఈ రెంటికీ జవాబు ముక్కు చెప్పలేదు, ప్రయోగశాలే చెప్పాలి.