మాస్కోలో ఇద్దరు రాయబారులు

1949లో సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను మాస్కోకు రాయబారిగా పంపుతున్నారని తెలిసినప్పుడు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. దేవుడే లేడనే రాజ్యానికి వేదాంతిని పంపడమేమిటి? ఆయనకు రష్యన్ రాదు. విదేశాంగ శాఖలో పనిచేసిన అనుభవమూ లేదు. పైగా ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవి వదులుకోనని, ఏడాదిలో కొంతకాలం అక్కడికి వెళ్లి పాఠాలు చెప్పి వస్తానని షరతు పెట్టారు. నెహ్రూ సరేనన్నారు.

1952లో ఆయన తర్వాత వెళ్లిన కె.పి.ఎస్. మీనన్‌ది పూర్తిగా వేరే అచ్చు. ఐసీఎస్ అధికారి, స్వతంత్ర భారతదేశపు తొలి విదేశాంగ కార్యదర్శి. 1961 దాకా, అంటే తొమ్మిదేళ్లు మాస్కోలోనే ఉన్నారు. రాయబారిగా ఎవరిని పంపాలి, పేరున్న పెద్దమనిషినా, సర్వీసులో ఎదిగినవాణ్ణా అన్న వాదన మన దగ్గర ఎప్పుడు లేచినా నాకు ఈ ఇద్దరే గుర్తొస్తారు.

సర్వీసువాళ్ల గొణుగుడిలో న్యాయం లేకపోలేదు. రాయబారి బతుకంటే కోటు తొడుక్కుని విందులకు వెళ్లడమని మనం అనుకుంటాం. ఆ విందులూ ఉద్యోగంలో భాగమే. ఎవరు ఎవరి పక్కన నిలబడాలో కూడా లెక్క ఉంటుంది. అధికార పత్రాలు ఎవరు ముందు సమర్పిస్తే వారు ముందు, దేశం పెద్దదా చిన్నదా అన్నది లెక్కలోకి రాదు. 1815 వియన్నా సమావేశం నుంచి యూరప్ పాటిస్తున్న పద్ధతి ఇది. పెద్ద దేశాల రాయబారులు ఎవరు ముందు నడవాలని కొట్లాడుకోకుండా చేసిన ఏర్పాటు. అసలు పని విందు అయ్యాక మొదలవుతుంది. ఎవరు ఏమన్నారో, ఏమనకుండా తప్పించుకున్నారో గుర్తుపెట్టుకుని ఢిల్లీకి రాయాలి. స్టాలిన్ కాలపు మాస్కోలో మామూలు పౌరుడు విదేశీయుడితో మాట్లాడటానికే భయపడేవాడు. నిన్నటిదాకా పార్టీ పత్రిక 'ప్రావ్దా'లో కనిపించిన పేరు ఇవాళ ఎందుకు లేదని ఆరా తీయడమే అక్కడ రాజకీయ విశ్లేషణ. ఇది ఏళ్ల తరబడి చేస్తే గాని పట్టుబడని విద్య.

ఆ విద్య రాధాకృష్ణన్‌కు లేదు. కావాలని అనుకున్నట్టూ కనబడదు. పడక మీదే చదువుకోవడం, రాసుకోవడం ఆయన అలవాటు. రాయబారంలో పడక సీను తెలుగువాళ్లకు కొత్త కాదు కాబట్టి మనం మరీ నొచ్చుకోనక్కర్లేదు. కానీ ఎంబసీలో దినవారీ బరువు కింది అధికారుల మీద పడక తప్పదు.

అవతలి పక్క తక్కెడలో ఏముంది? ఆయనకు ముందున్న విజయలక్ష్మీ పండిట్ సాక్షాత్తూ ప్రధాని చెల్లెలు. ఆమెకే స్టాలిన్ దర్శనం దొరకలేదు. 1950 జనవరిలో రాధాకృష్ణన్‌ను క్రెమ్లిన్‌కు పిలిచారు. గొప్ప యుద్ధం గెలిచాక నెత్తుటిని చూసి కత్తి దించేసిన చక్రవర్తి మా దేశంలో ఉండేవాడని ఆయన స్టాలిన్‌తో అన్నట్టు చెబుతారు. సర్వీసులో పెరిగిన అధికారి అంత మాట అనడు. అంటే అతని ఉద్యోగం ఏమవుతుందో అతనికి తెలుసు. రాధాకృష్ణన్‌కు ఆ బెంగ లేదు, ఆక్స్‌ఫర్డ్‌లో కుర్చీ ఉండనే ఉంది. బయటివాణ్ణి పంపడంలో ఉన్న లాభమంతా ఇక్కడే ఉంది.

ఆ తర్వాతి రెండేళ్లలో గాలి మారింది. 1951లో మనకు తిండిగింజల కొరత వచ్చి, అమెరికా కాంగ్రెస్ నెలల తరబడి తర్జనభర్జన పడుతుంటే సోవియట్ గోధుమలు బయలుదేరాయి. 1952 జనవరిలో భద్రతా మండలిలో సోవియట్ ప్రతినిధి కశ్మీర్ విషయంలో తొలిసారి నోరు విప్పి పశ్చిమ దేశాలను దుయ్యబట్టాడు. ఆ ఏప్రిల్‌లో రాధాకృష్ణన్ సెలవు తీసుకోవడానికి వెళితే స్టాలిన్ మళ్లీ కలిశాడు.

ఇదంతా ఆయన మాట చలవే అనడానికి మాత్రం నాకు మనసొప్పదు. తేదీలు చూడండి. కమ్యూనిస్టు చైనాను భారత్ గుర్తించింది 1949 డిసెంబరు 30న. క్రెమ్లిన్ పిలుపు వచ్చింది ఆ తర్వాత రెండు వారాలకు. అప్పుడు మావో మాస్కోలోనే ఉన్నాడు. ఢిల్లీ పశ్చిమ దేశాల తోక కాదేమోనన్న అనుమానం స్టాలిన్‌కు కలిగించింది ఆ నిర్ణయం. గోధుమల సంగతీ అంతే: ముందొచ్చింది సోవియట్ ఓడలే అయినా, చర్చలు ముగిశాక అమెరికా అప్పు మీద ఇవ్వజూపిన 20 లక్షల టన్నుల ముందు అవి పిడికెడు. మరో సంగతి, 1953 ఫిబ్రవరి 17న స్టాలిన్ మీనన్‌నూ పిలిచాడు. ఎర్ర పెన్సిలుతో కాగితం మీద తోడేళ్లు గీస్తూ మాట్లాడాడని మీనన్ రాసిపెట్టారు. రెండు వారాలు దాటగానే స్టాలిన్ పోయాడు. ఆయన్ని చూసిన చివరి విదేశీ రాయబారి ఈ సర్వీసు మనిషే.

అలాగని అనుభవమున్నవాడు అన్నీ సరిగ్గా చూస్తాడనీ కాదు. ఒకే రాజధానిలో ఏళ్లకేళ్లు ఉంటే ఆతిథ్య దేశం కళ్లతో చూడటం అలవాటవుతుంది. మీనన్‌కు హంగరీ బాధ్యత కూడా ఉండేది. 1956లో తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లో దిగాక, మాస్కో చెప్పే కథకూ అక్కడ జరుగుతున్నదానికీ పొంతన లేదని ఢిల్లీకి తెలియడానికి వారాలు పట్టింది. ఈలోగా ఐక్యరాజ్యసమితిలో భారత్ హంగరీలో స్వేచ్ఛాయుత ఎన్నికలు కోరిన తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసి తలవంపులు తెచ్చుకుంది.

బుడాపెస్ట్‌లో అప్పుడు భారత దౌత్య కార్యాలయాన్ని చూసుకుంటున్నది ఎం.ఎ. రెహమాన్ అనే అధికారి. రాయబారి హోదా లేదు, తత్వవేత్తగా పేరూ లేదు. ఊళ్లో ఉన్నాడు, అంతే. ఓడిపోయిన ఉద్యమకారులు తలుపు తడితే తీశాడు, విన్నది రాశాడు. డిసెంబరులో మీనన్ స్వయంగా వచ్చినప్పుడు, కూలిన హంగరీ ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న ఇష్త్వాన్ బిబో రాసిన రాజీ ప్రతిపాదనను ఆయనకు చేర్చిన దారి రెహమానే. ఆ కాగితం తెచ్చిన యువకుడు ఆర్పాద్ గొంట్స్‌కు తర్వాత యావజ్జీవ శిక్ష పడింది. 1990లో అతను హంగరీ అధ్యక్షుడయ్యాడు.