జవళగిరికి వచ్చే బిడ్డలకు మనమేమి నేర్పిస్తాము?

 ఇది కొంచెం పొడుగు రాత. తీరిగ్గా చదవండి, చదివినాక మీ మాట కింద రాయండి.

పోయిన సమావేశంలో ఒక సంగతి వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో యూనివర్సిటీ పిల్లలనూ, వాళ్లతోపాటు పై దేశాల నుంచి వచ్చే వాలంటీర్లనూ పది దినాలు జవళగిరి పక్కకు పిలిచి క్యాంపు పెడదామా అని. సగం మంది "పెడదాం, ఊరికి పేరొస్తుంది" అన్నారు. సగం మంది "ఫోటోలు తీసుకొని పోతారు, మనకు మిగిలేది పేపరు ప్లేట్లే" అన్నారు. టైము చాలక ఆ దినం ఏమీ తేలలేదు. అందుకే మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాము. మేము అంటే తమిళ బడిలో చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసి, తెలుగు అచ్చరాలు తలనెరిసినాక దిద్దుకొన్న మా ఈడు వాళ్లం.

మా మాట ఇది. క్యాంపు పెట్టాల. అయితే వచ్చే బిడ్డలు మనకు నేర్పేదానికి కాదు, మన దగ్గర నేర్చుకొనేదానికి రావాల. అందులో మొదటిది మన ఊరి మాట. అది లేకుంటే ఈ క్యాంపు మనకు వద్దు.

ఈ క్యాంపులు నిన్న మొన్న పుట్టినవి కావు. మొదటి ప్రపంచయుద్ధం అయినాక, 1920లో, ఫ్రాన్సులో వెర్డన్ దగ్గర ఎస్న్ అనే ఊరు గుండ్ల దెబ్బకు పాడుపడి ఉండింది. పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజినీరు కొంతమందిని కూడగట్టుకొని అక్కడికి పోయి, ఊరోళ్లకు ఇండ్లు కట్టే పని ఎత్తుకొన్నాడు. ఆ గుంపులో జర్మనీ వాళ్లూ ఉన్నారు. రెండేండ్ల ముందర ఫ్రాన్సుతో యుద్ధం చేసిన దేశం వాళ్లు ఆ దేశంలోనే గోడలు లేపేదానికి వచ్చినారు. సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఆ పనిలోనే పుట్టింది. 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చింది. అప్పుడు ఈ సెరెసోల్ మన దేశానికి వచ్చి, రాజేంద్రప్రసాద్ గారు నడిపిస్తున్న సహాయ పనిలో కలిసి, ముజఫర్‌పూర్ పక్క పల్లెలు మళ్లా కట్టేదానికి పాటుపడినాడు. మాటలు కాదు, చేతలు అనేది ఆ సంస్థ పట్టుకొన్న సూత్రం.

మన దేశంలో 1969 సెప్టెంబరు 24న ఎన్.ఎస్.ఎస్. మొదలైంది. 37 యూనివర్సిటీలు, 40,000 మంది విద్యార్థులతో. ఈ కాలంలోనూ అందులో చేరిన పిల్లలు రెండేండ్లలో 240 గంటలు సేవ చేయాల, ఏడు దినాల క్యాంపు ఒకటి చేయాల. నేషనల్ యూత్ ప్రాజెక్ట్ పెట్టిన సుబ్బారావు గారిని కూడా తలచుకోవాల. బెంగళూరులో పుట్టిన మనిషి, ఆయన పూర్తి పేరు సేలం నంజుండయ్య సుబ్బారావు. మన హోసూరు కూడా 1965 దాకా సేలం జిల్లాలోదే. చంబల్ లోయలో జౌరా అనే చోట ఆశ్రమం పెట్టుకొని, యువకుల క్యాంపులు నడిపినారు. 1972 ఏప్రిల్‌లో బందిపోట్లు జయప్రకాశ్ నారాయణ్ గారి ముందర తుపాకులు దించింది ఆ ఆశ్రమంలోనే. ఆయన క్యాంపుల్లో భారత్ కీ సంతాన్ అని 18 భాషల ఆటాపాటా ఒకటి ఉంటుంది. అందులో తెలుగూ ఉంటుంది, తమిళమూ ఉంటుంది.

మాకు ఈ క్యాంపులు తెలిసింది టికెట్ కౌంటర్ నుంచి. రైల్వే కన్సెషన్ పట్టికలో రోగులకు, విద్యార్థులకు, ఆటగాళ్లకు ఉన్నట్లే, పని క్యాంపులకు పోయేవాళ్లకు 25 శాతం, నేషనల్ యూత్ ప్రాజెక్ట్ సమైక్యతా క్యాంపులకు పోయేవాళ్లకు 50 శాతం తగ్గింపు ఉండేది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఇట్లాంటి తగ్గింపులు చానా వరకు నిలిచిపోయినాయి. ఆ ఫారాల్లో ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఎంతమంది అని గడులు ఉండేవి. పోయి ఏమి నేర్చుకొన్నారని అడిగే గడి మాత్రం లేదు. ఇప్పుడు మనం క్యాంపు పెడితే ఆ గడి మనమే గీసుకోవాల.

వద్దన్నవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. మన పక్కనే ఒక ఊర్లో, పేరు వద్దు, ఒక గుంపు వచ్చి బడి గోడకు రంగు వేసింది. మరుసటి ఏడు ఇంకొక గుంపు వచ్చి అదే గోడకు మళ్లా రంగు వేసింది. బడి కొళాయిలో నీళ్లు రాకపోవడం రెండు గుంపులకూ కనబడలేదు. ఇంకొక చోట ముప్పై మంది పిల్లలు మూడు దినాలు చెరువులో పూడిక తీసినారు. జేసీబీ అయితే పొద్దున మొదలుపెట్టి టిఫిన్ వేళకు ముగించే పని అది. పిల్లల చేతులు బొబ్బలెక్కినాయి, మనసు మంచిదే, కాదనము. అయితే చెరువు మంచి కోసం వాళ్లు అంత దూరం నుంచి రావాల్సిన పని లేదు. బండి బాడుగ పంపించి ఉంటే సరిపోతుంది.

ఇంగ్లీషు నేర్పిస్తామనే మాట కూడా వస్తుంది. జవళగిరిలో పదేండ్ల బిడ్డను చూడండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. ఎవరి నోట ఏ మాట వస్తే ఆ మాటలో బదులు చెప్తుంది. పై దేశం నుంచి వచ్చే యూనివర్సిటీ పిల్లల్లో చానామందికి ఒకటి, లేదంటే రెండు భాషలు వచ్చుంటాయి. ఈ ఇద్దరిలో భాష నేర్పించే అయ్యవారు ఎవరు కావాల?

నేర్చుకొనే మనసుతో వచ్చినవాళ్లు ఏం చేయగలరో చూడాలంటే అనంతపురం చూడాల. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురానికి వచ్చి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయినాడు. ఆయన పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పని చూసేదానికి స్పెయిన్ నుంచి మనుషులు ఏటేటా వస్తారు. అంతకన్నా మాకు నచ్చింది ఇంకొకటి. ఆ సంస్థ అనంతపురంలోనే పల్లె పిల్లలకు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పించే బడి నడుపుతుంది. అక్కడి నుంచి మనుషులు వచ్చినారు, ఇక్కడి బిడ్డలు ఆ భాషల్లో మాట్లాడి ఉద్యోగాలకు పోయినారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదీ.

మన దగ్గర పుచ్చుకొనేదానికి ఏముంది అని అడిగిన తమ్ముళ్లకు మా బదులు ఇది. 2006లో వచ్చిన చట్టం వల్ల మన రాష్ట్రంలో తమిళం తప్పనిసరి అయింది. ఒకటో తరగతిలో మొదలై, ఏటికి ఒక తరగతి చొప్పున పైకి పోయి, 2015-16కు పదో తరగతి చేరింది. తమిళం చదవడం మనకు నష్టం కాదు. మేము తమిళంలో చదివే అన్నం తిన్నాము. నష్టం ఎక్కడంటే, తెలుగు ఇంట్లో మాత్రమే మిగిలి, రాత లేకుండా పోవడంలో. రాత లేని మాటను ఇంట్లో పెద్దవాళ్లే మోయాల. పెద్దవాళ్లు ఒకరొకరే పోతున్నారు. ట్రాక్టరు వచ్చినాక గొర్రు, గుంటక మూలబడినాయి, వాటి భాగాల పేర్లు కూడా మూలబడినాయి. మిషన్ వచ్చినాక ఇసుర్రాయి పోయింది, దాని ముందర కూర్చుని పాడే పాటా పోయింది. రాగిచేను కాసేదానికి మంచె మీద రాత్రంతా మేలుకొని, ఏనుగు ఎటు నుంచి వస్తుందో చప్పుడును బట్టి చెప్పగలిగే ముసలివాళ్లు జవళగిరి చుట్టూ ఇంకా ఉన్నారు. వానలు పోయి రాగి పండే కాలానికి బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగులు దిగేది మన జవళగిరి మీదుగానే కదా. ఆ ముసలివాళ్ల దగ్గర ఉన్న మాటలు ఏ బడి పుస్తకంలోనూ లేవు.

మరి ఈ మాటలు మన మనవలే అడిగి రాసుకోవచ్చు కదా అంటారు. అడగరు. తమకు తెలుగు వచ్చు అనుకొంటారు కాబట్టి అడగరు. తెలియని మనిషే "ఇదేమి, దీన్నేమంటారు, ఎందుకట్ల అంటారు" అని అడుగుతాడు. జర్మనీ నుంచో, జపాన్ నుంచో, అమెరికాలో పుట్టిన మన తెలుగు ఇంటి నుంచో వచ్చిన పిల్ల అవ్వ ముందర కూర్చుని అట్ల అడిగితే, పక్కన ఉండే మన మనవడు రెండు భాషల మధ్య మాట దాటించాల. అప్పుడు వాడికే తెలుస్తుంది, సగం మాటలు తనకూ తెలియవని. అవ్వ మాటను రాసి చూపించేదానికి అచ్చరాలు కావాల. పరీక్ష లేని తెలుగు చదవరా అంటే వాడు వినడు. ఈ పనికి కావాలంటే మాత్రం తానే నేర్చుకొంటాడని మా నమ్మకం. బయటి మనిషి మనకు తెచ్చేది ఆ తెలియనితనమే. జేసీబీ చేయలేని పని ఇది.

అందుకే క్యాంపు ఇట్ల ఉండాలని మా సూచన.

ఇరవై మంది మించకూడదు. పది మంది బయటివాళ్లు, పది మంది మన పిల్లలు. పొద్దున రెండు గంటలు ఊరు అడిగిన పని చేయాల, మనం ఊహించిన పని కాదు. ఆ పని ఏదో ముందుగా ఊర్లోనే కూర్చుని అడిగి తేల్చుకోవాల. మిగిలిన పొద్దు ఇండ్లలో. ఒక్కొక్క ఇంటికి ఒక బయటి బిడ్డ, ఒక మన బిడ్డ. సేద్యం, వంట, అడవి, పండగ, ఇట్ల ఒక్కొక్క జతకు ఒక్కొక్క సంగతి. మాట రాసుకోవాల, పెద్దవాళ్లు ఒప్పుకొంటే ఫోనులో గొంతు పట్టుకోవాల. సంగటి కెలికేదీ, ఊరుబిండి నూరేదీ వాళ్ల చేతనే చేయించాల. కన్నడం ఇంట్లో కన్నడం, తమిళం ఇంట్లో తమిళం, ఇరుళవాళ్ల ఇంట్లో వాళ్ల మాట. అన్నీ రాయాల. కడపటి దినం ఆ రాతలన్నీ ఒక పుస్తకంగా కుట్టి, ఒక ప్రతి ఊరికి, ఒక ప్రతి బడికి, ఒక ప్రతి సంఘానికి.

కాలం కూడా చూసుకోవాల. ఐరోపా పిల్లలకు సెలవులు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో. అప్పటికి మన బడులు తెరిచేసి ఉంటాయి, మన పిల్లలు రాలేరు. అమెరికా యూనివర్సిటీలు మే నడిమికంతా సెలవులిస్తాయి. కాబట్టి మే కడపటి పది దినాలు రెండు పక్కలా కుదురుతాయి. తళిని లిటిల్ ఇంగ్లండ్ అన్నది ఊరికే కాదు, బయటివాళ్లు మన ఎండకు తట్టుకొంటారు. అయితే ఎండాకాలంలో ఏనుగులు నీళ్లకు తిరుగుతాయి. పొద్దు మునిగినాక ఎవ్వరూ చేలగట్టు దాటకూడదు. అడవి గడపలోకి పోవాలంటే అటవీశాఖ వాళ్ల అనుమతి ఉండాల్సిందే.

కాగితాల సంగతి మా గుమాస్తా బుద్ధికి తగినట్టు చెప్తాము. టూరిస్టు ఈ-వీసా మీద వచ్చినవాళ్లు ఒక నెలకు మించకుండా, డబ్బులు పుచ్చుకోకుండా స్వచ్ఛంద పని చేయవచ్చు. పై దేశం మనిషిని ఇంట్లో పెట్టుకొన్నవాళ్లు 24 గంటల్లోపల ఆ సమాచారం ఆన్‌లైన్లో పంపించాల. దీనికి ఒక మనిషిని ముందే నియమించుకోవాల. లెక్కలు ప్రతి దినం బోర్డు మీద రాయాల. తిండి ఖర్చు వచ్చేవాళ్లదే. బియ్యం, రాగులు, పాలు, కూరగాయలు ఊర్లోనే కొనాల.

ఇంక రెండు అనుమానాలు. ఆడబిడ్డలు, కొత్త మగపిల్లలు ఒకచోట ఉంటే ఎట్ల అని అక్కలు అడిగినారు. న్యాయమైన మాటే. ఆడపిల్లలు ఉండే ఇండ్లు వేరే, మగపిల్లలు ఉండే ఇండ్లు వేరే. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాల, వాళ్లు వద్దన్న మనిషి క్యాంపుకు వద్దు. రెండోది, ఇది తమిళానికి ఎదురుగా పెట్టినట్టు కనబడదా అన్నారు. మన పది మంది పిల్లల్లో తమిళం ఇండ్ల బిడ్డలూ ఉంటే ఎట్ల కనబడుతుంది? వాళ్లు మన పక్కింటి వాళ్లే.

వచ్చే సమావేశంలో దీన్ని తేల్చేద్దాము. వచ్చేటప్పుడు ఒక పని చేయండి. మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను అడిగి, మీకు తెలియని పది మాటలు రాసుకొని రండి. తెలుగు అచ్చరాలు రాకుంటే తమిళంలోనే రాసుకొని రండి, మేమూ మొదట్లో అట్లే రాసుకొన్నాము. ఆ కాగితాలన్నీ ముందర పెట్టుకొని, క్యాంపు కావాలా వద్దా అని అప్పుడు చేతులెత్తుదాం.